కోడింగ్ రాకున్నా ఆఫీసుకో యాప్: విశాఖ పోర్టు గుమాస్తాకి, ఆటోనగర్ షెడ్డుకి నో-కోడ్‌తో మిగిలేదేంటి?

ఒక కంటైనర్ నంబర్. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. అంతే. విశాఖలో ఓడ దిగిన ఒక్క కంటైనర్ గోడౌన్ చేరేలోపు ఈ నంబర్‌ని ఎన్నిసార్లు టైప్ చేస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

ఒక చిన్న క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసుని ఊహించుకోండి. నలుగురైదుగురు స్టాఫ్, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. పార్టీ పంపిన పేపర్లు చూసి జాబ్ రిజిస్టర్‌లో నంబర్ రాస్తారు. తర్వాత ఎక్సెల్‌లో కొడతారు. ట్రాన్స్‌పోర్టర్‌కి వాట్సాప్ చేస్తారు. పార్టీకి మెయిల్ పెడతారు. చివర్లో బిల్లులో మళ్లీ కొడతారు. కస్టమ్స్ ఐస్‌గేట్‌లో వేసే పేపర్లు, షిప్పింగ్ లైన్ నుంచి తీసుకునే డెలివరీ ఆర్డర్ వేరే లెక్క. ఒకే సమాచారం, ఐదారు చోట్ల చేత్తో. ఎక్కడో ఒకచోట 8కి బదులు 3 పడితే లారీ గేటు దగ్గర ఆగిపోతుంది. డ్రైవర్ ఫోన్ మీద ఫోన్ చేస్తాడు.

ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న లో-కోడ్, నో-కోడ్ టూల్స్ పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. పెద్ద ఐటీ కంపెనీల సంగతి పక్కన పెడదాం. పోర్టు, స్టీల్ ప్లాంట్ మీద బతికే చిన్న ఆఫీసులకి, షెడ్డులకి ఇవి ఏం ఇస్తాయి? ఎక్కడ ముంచుతాయి? చూద్దాం.

అసలేంటీ నో-కోడ్?

బట్టల లెక్కలో చెప్పుకుంటే ఈజీ. టైలర్‌కి కొలతలిచ్చి కుట్టించుకోవడం అంటే మామూలు సాఫ్ట్‌వేర్. ప్రోగ్రామర్‌ని పెట్టుకుని, నెలలు ఆగి, లక్షలు పోసి చేయించుకునేది. రెడీమేడ్ షర్ట్ కొనుక్కుని వేసుకోవడం నో-కోడ్. స్క్రీన్ మీద ఉన్న బాక్సుల్ని లాగి పెట్టుకుంటూ, ‘ఇది జరిగితే అది చెయ్’ అని ఎంచుకుంటూ పోతే యాప్ తయారవుతుంది. రెడీమేడ్ కొని చేతులు కాస్త పొట్టి చేయించుకుంటే అది లో-కోడ్. చాలా భాగం రెడీగా ఉంటుంది, అక్కడక్కడా నాలుగు లైన్ల ఫార్ములా మనం రాసుకోవాలి.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచనేం కాదు. 1979లో వచ్చిన విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ నుంచే ఇది మొదలైందని చెప్పొచ్చు. ప్రోగ్రామింగ్ రాని అకౌంటెంట్లు తమ లెక్కల్ని తామే కంప్యూటర్‌తో చేయించుకోవడం అప్పుడు మొదలైంది. ఈ రోజు ఎక్సెల్‌లో సమ్ ఫార్ములా కొట్టే ప్రతి ఒక్కరూ ఒక రకంగా నో-కోడ్ చేస్తున్నట్టే. ‘లో-కోడ్’ అనే పేరు మాత్రం 2014లో ఫారెస్టర్ అనే రీసెర్చ్ కంపెనీ పెట్టింది.

చెన్నై కేంద్రంగా ఉన్న జోహో 2006లోనే ‘క్రియేటర్’ పేరుతో ఇలాంటి టూల్ తెచ్చింది. మన హైదరాబాద్ నుంచి వెళ్లిన సత్య నాదెళ్ల సీఈవోగా ఉన్న మైక్రోసాఫ్ట్‌కి పవర్ యాప్స్, పవర్ ఆటోమేట్ ఉన్నాయి. ఐఐటీ మద్రాస్‌లో చదివిన ప్రవీణ్ శేషాద్రి మొదలుపెట్టిన యాప్‌షీట్‌ని 2020 జనవరిలో గూగుల్ కొనేసింది. కంపెనీల్లో కొత్తగా తయారయ్యే అప్లికేషన్లలో 2025 నాటికి 70 శాతం ఈ పద్ధతిలోనే ఉంటాయని గార్ట్‌నర్ అంచనా వేసింది. 2020లో అది 25 శాతం లోపే. అంచనాలు అంచనాలే, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది.

గుమాస్తా టేబుల్ మీద ఏం మారుతుంది?

మళ్లీ మన క్లియరింగ్ ఆఫీసుకి వద్దాం. ఫోన్‌లో ఒక ఫారం. కంటైనర్ నంబర్, ఓడ పేరు, ఓడ వచ్చే తేదీ, పార్టీ పేరు, షిప్పింగ్ లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్. ఒక్కసారి కొడితే చాలు. ఆ వివరాలు షీట్‌లో పడతాయి. ట్రాన్స్‌పోర్టర్‌కి వెళ్లాల్సిన మెయిల్, పార్టీకి వెళ్లాల్సిన మెయిల్, బిల్లు డ్రాఫ్ట్ అన్నీ అక్కడి నుంచే తయారవుతాయి.

ఇందులో చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటుంది. కంటైనర్ నంబర్‌లో చివరి అంకె ఊరికే పెట్టింది కాదు. ఐఎస్‌ఓ 6346 అనే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, ముందున్న పది అక్షరాలు, అంకెల్ని ఒక లెక్కలో గుణించి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషమే ఆ చివరి అంకె. శేషం 10 వస్తే 0 వేస్తారు. అంటే నంబర్ తప్పు కొట్టారో లేదో నంబరే చెబుతుంది! ఈ ఫార్ములాని ఫారంలో ఒకసారి పెట్టుకుంటే, 8కి బదులు 3 కొట్టిన వెంటనే ఎర్రగా చూపిస్తుంది. లారీ గేటు దాకా వెళ్లి ఆగాల్సిన పని లేదు. దీనికి ప్రోగ్రామర్ అక్కర్లేదు. గూగుల్ షీట్స్‌తో చేసుకోవచ్చు.

ఇక అసలు డబ్బు పోయేది తేదీల దగ్గర. దిగుమతి సరుకుకి, ఓడ వచ్చే రోజుకి ముందు రోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలన్నది 2021 నుంచి ఉన్న రూల్. దగ్గరి దేశాల నుంచి వచ్చే కొన్నిటికి సడలింపు ఉంది. ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకి 5 వేల రూపాయలు, ఆ తర్వాత రోజుకి 10 వేలు కట్టాలి. దీనికి తోడు ఫ్రీ డేస్ దాటితే షిప్పింగ్ లైన్‌కి డిటెన్షన్, టెర్మినల్‌కి స్టోరేజీ చార్జీలు. ‘నిన్నటితో ఫ్రీ డేస్ అయిపోయాయి సార్’ అనే మాట పార్టీకి చెప్పడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలనే గొడవలోనే పాత పార్టీలు చేజారుతుంటాయి.

ఫ్రీ డేస్ ఇంకా రెండు రోజులే ఉన్నాయనగా స్టాఫ్ ఫోన్‌కి అలర్ట్ రావడం అనేది నో-కోడ్ టూల్స్‌లో అన్నిటికంటే సులువైన పని. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి రెడీ అవుతుంది.

ఈ-వే బిల్లు, షీలానగర్ రోడ్డు, ఆ 8 గంటలు

లారీ ఎక్కాక ఇంకో గడియారం మొదలవుతుంది. 50 వేల రూపాయలు దాటిన సరుకు రోడ్డెక్కితే ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు సరుకుకి ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. విశాఖ నుంచి హైదరాబాద్ సుమారు 620 కిలోమీటర్లు కాబట్టి 4 రోజులు. లారీ షీలానగర్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినా, దారిలో రిపేరుకొచ్చినా గడువు ఆగదు. పొడిగించుకోవచ్చు, కానీ గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపే. ఆ టైం సాధారణంగా ఎప్పుడు పడుతుంది? అర్ధరాత్రి. ఆఫీసులో ఎవరూ ఉండరు.

ఇక్కడ కూడా అంతే. ఈ-వే బిల్లు తీసిన తేదీ, దూరం షీట్‌లో ఉంటే గడువు అదే లెక్కేసుకుంటుంది. సాయంత్రం 6 గంటలకి ‘ఈ రాత్రితో ముగిసే బిల్లులు ఇవీ’ అని ఒక లిస్ట్ మేనేజర్ ఫోన్‌కి వస్తుంది. వాళ్లు ఇంట్లో కూర్చునే ఏ లారీ ఎక్కడుందో కనుక్కోవచ్చు.

ఒక హెచ్చరిక. ‘వాట్సాప్‌లో ఆటోమేటిక్‌గా పంపిస్తే పోలా?’ అనుకుంటారు చాలామంది. కంపెనీలు తామంతట తాము పంపే ఆటోమేటిక్ మెసేజ్‌లకి వాట్సాప్ బిజినెస్‌లో సాధారణంగా డబ్బు కట్టాలి, ముందే అనుమతి తీసుకున్న ఫార్మాట్‌లో ఉండాలి. ఎవరో కుర్రాడు ఇచ్చిన దొంగ బాట్ పెట్టుకుంటే నంబరే బ్యాన్ అయ్యే రిస్క్ ఉంది. పదేళ్లుగా పార్టీలందరి దగ్గరా ఉన్న నంబర్ పోతే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. మెయిల్ గానీ టెలిగ్రామ్ బాట్ గానీ మొదట్లో చాలు.

జనానికి ఫోన్‌లో ఫారాలు నింపడం కొత్త కూడా కాదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ మొదలుపెట్టింది. అది నో-కోడ్ కాదు, పెద్ద వ్యవస్థ. కానీ సర్టిఫికెట్ కోసం చాట్‌లో వివరాలు ఇచ్చే అలవాటున్న లారీ డ్రైవర్‌కి, ఫోన్‌లో ఒక ఫొటో పెట్టి ‘సరుకు దించాను’ నొక్కమంటే ఇబ్బందేం ఉండదు.

ఆటోనగర్ షెడ్డులో 45 రోజుల లెక్క

గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల పెద్ద ఫ్యాక్టరీలకి స్పేర్ పార్టులు, ఫ్యాబ్రికేషన్ పనులు చేసిపెట్టే చిన్న యూనిట్లని తీసుకోండి. వీళ్ల కష్టం మెషిన్ల దగ్గర కంటే బిల్లు వసూలు దగ్గరే ఎక్కువ. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, రిజిస్టర్ అయిన మైక్రో, స్మాల్ యూనిట్ నుంచి సరుకు తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకి మించకుండా డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. పైగా ఇప్పుడు గడువు దాటిన బాకీని కొన్నవాళ్లు ఆ ఏడాది ఇన్‌కం ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోలేరు.

చట్టం చిన్నవాళ్ల పక్షానే ఉంది. మరి ఎందుకు పనిచేయదు? చాలాసార్లు కాగితం లేక. సరుకు ఎప్పుడు గేటు లోపలికి వెళ్లింది, ఎవరు సంతకం పెట్టారు, చలానా ఏది? రెండు నెలల తర్వాత అడిగితే వెతుక్కోవాలి. ఈ చట్టం కింద ఫిర్యాదు చేయాలన్నా పర్చేజ్ ఆర్డర్, ఇన్వాయిస్ కావాలి, సరుకు అందినట్టు రుజువు చేతిలో ఉండాలి.

డెలివరీకి వెళ్లిన కుర్రాడు అక్కడే సంతకం పెట్టిన చలానాని ఫొటో తీసి యాప్‌లో పెడితే, తేదీ, టైం, లొకేషన్‌తో సహా రికార్డ్ అవుతుంది. యాప్‌షీట్ లాంటి వాటిలో సిగ్నల్ లేని యార్డులో కూడా ఎంట్రీ చేసి, బయటికొచ్చాక సింక్ చేసుకోవచ్చు. ఆ రోజు నుంచి లెక్క మొదలు. 30వ రోజు మర్యాదగా ఒక మెయిల్, 40వ రోజు ఇంకోటి, 46వ రోజు ఓనర్‌కి అలర్ట్. అడగడానికి మొహమాటపడే ఓనర్లకి ఇది ఇంకా మేలు. అడిగేది మెషినే కాబట్టి!

నా లెక్కలో ఈ టూల్స్‌తో చిన్న యూనిట్‌కి వచ్చే అతిపెద్ద లాభం ఇదే. టైం ఆదా అవుతుందని అందరూ చెబుతారు. కానీ పెద్ద కొనుగోలుదారు ముందు నిలబడినప్పుడు చిన్నవాడి చేతిలో తేదీ వేసిన రుజువు ఉండటం వేరే బలం.

రూల్ మారితే ఎవరిని పిలవాలి?

ఈ-ఇన్వాయిస్ కథ గుర్తుందా? 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలైంది. తర్వాత 100 కోట్లు, 50 కోట్లు, 20 కోట్లు, 10 కోట్లు... 2023 ఆగస్టు 1కి 5 కోట్లకి దిగింది. మూడేళ్లలోపే ఆరు మెట్లు. మొన్న 2025లో జీఎస్టీ స్లాబుల్నే మార్చేశారు. సెప్టెంబర్ 3న ప్రకటించారు, 22 నుంచి అమలు. మధ్యలో 19 రోజులు.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ బయట చేయించుకున్నవాళ్లు ఆ డెవలపర్‌కి ఫోన్ చేయాలి. వాళ్లకి అప్పటికే యాభై మంది చేసి ఉంటారు. ‘వచ్చే వారం చూస్తా సార్’. సొంతంగా నో-కోడ్‌లో కట్టుకున్నవాళ్లు రేట్ల టేబుల్ తెరిచి 12ని 5 చేసో, 28ని 18 చేసో సేవ్ కొడతారు. అంతే. పని తెలిసిన మనిషే పనిముట్టుని కూడా సరిచేసుకోగలగడం, మిగతా లాభాలన్నీ దీని నుంచే వస్తాయి. కంటైనర్ ఫ్రీ డేస్ గురించి హైటెక్ సిటీ ప్రోగ్రామర్‌కి ఏం తెలుసు? పదిహేనేళ్లుగా డెలివరీ ఆర్డర్ల కోసం తిరిగిన గుమాస్తాకి తెలిసినంత తెలీదు కదా.

ముంచేది ఎక్కడ?

అమ్మేవాళ్లు చెప్పనివి కొన్ని ఉన్నాయి. ముందుగా డబ్బు. చాలా టూల్స్ మనిషికి నెలకింత అని తీసుకుంటాయి. ఒక్కొక్కరికి 400 రూపాయలు అనుకుంటే పది మందికి నెలకి 4 వేలు, ఏడాదికి 48 వేలు. ఐదేళ్లకి రెండున్నర లక్షల దగ్గర తేలుతుంది. యూజర్లు ఎక్కువైతే ప్రోగ్రామర్‌తో చేయించుకోవడమే చౌక కావచ్చు. ముందే లెక్కేసుకోండి.

రెండోది, కంపెనీ కొట్టు మూసేస్తే? ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. గూగుల్ తన ‘యాప్ మేకర్’ని 2021 జనవరిలో ఆపేసింది. అమెజాన్ ‘హనీకోడ్’ 2024 ఫిబ్రవరి 29న బంద్ అయింది. అంత పెద్ద కంపెనీలే! అక్కడ యాప్ కట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే ఏ టూల్ తీసుకున్నా డేటాని ఎక్సెల్ ఫైల్‌గా బయటికి తీసుకునే బటన్ ఉందో లేదో మొదటి రోజే చూడాలి. నెలకోసారి ఆ ఫైల్ దించి పెట్టుకోవాలి.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. 2021 ఆగస్టులో అప్‌గార్డ్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక విషయం బయటపెట్టింది. మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌తో కట్టిన కొన్ని పోర్టల్స్‌లో 3 కోట్ల 80 లక్షల రికార్డులు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఫోర్డ్ లాంటి కంపెనీలు, అమెరికాలో కొన్ని ప్రభుత్వ శాఖలు ఆ లిస్టులో ఉన్నాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు. ‘ఈ టేబుల్ ఎవరెవరు చూడొచ్చు’ అనే సెట్టింగ్‌ని మార్చలేదు, అంతే. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ డిఫాల్ట్ సెట్టింగ్‌నే మార్చింది. యాప్ కట్టడం తేలికైనంత తేలిగ్గా తలుపు తెరిచిపెట్టడం కూడా జరుగుతుంది. మన దగ్గర 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటాకి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. డ్రైవర్ల ఆధార్ కాపీలు ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని పెట్టిన ఫోల్డర్‌లో వేసే అలవాటు ఉంటే ఈ రోజే ఆపేయండి.

ఇంకోటి చిన్నదిగా అనిపిస్తుంది గానీ చిన్నది కాదు. యాప్‌ని తయారు చేసిన కుర్రాడు తన సొంత జీమెయిల్‌తో చేసి, ఆర్నెల్ల తర్వాత వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే? యాప్ అతనితోనే పోతుంది. అకౌంట్ ఆఫీసు పేరు మీద ఉండాలి. పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబర్ ఓనర్ దగ్గర ఉండాలి. ఏ ఫార్ములా ఎందుకు పెట్టారో అదే షీట్‌లో ఒక ట్యాబ్‌లో తెలుగులోనే రాసి పెట్టించండి.

మరి గుమాస్తా ఉద్యోగం?

ఈ ప్రశ్న దాటేసి వెళ్లడం సరికాదు. ఒకే నంబర్‌ని ఐదు చోట్ల కొట్టడమే పనిగా ఉన్న ఉద్యోగాలు తగ్గుతాయి. దాన్ని తీపి మాటలతో కప్పిపుచ్చలేం. అయితే పోర్టు పని మొత్తం టైపింగ్ కాదు. కస్టమ్స్ క్వెరీ వేస్తే ఏం జవాబివ్వాలి, పరీక్షకి కంటైనర్ తెరిచినప్పుడు ఎవరు ఉండాలి, వర్షంలో సరుకు తడిస్తే ఎవరితో మాట్లాడాలి... ఇవి ఏ యాప్ చేయదు. తేడా ఎక్కడంటే, ఆ యాప్‌ని బయటివాళ్లు కట్టి గుమాస్తా మీద రుద్దితే అతను ముందు పోయే మనిషి. అతనే కట్టుకుంటే, అది నడవాలంటే అతను కావాలి.

కాబట్టి ఓనర్లకి ఒక మాట. యాప్ పని ఎంబీఏ చదివిన మేనల్లుడికి ఇవ్వడానికి ముందు, రిజిస్టర్ రాసే మనిషిని పక్కన కూర్చోబెట్టండి. బీకాం చదువుతున్న పిల్లలకి కూడా ఇది పనికొచ్చే విద్యే. కోడింగ్ రాకపోయినా పర్లేదు గానీ టేబుల్ ఎలా అమర్చాలి, ఒక కంటైనర్‌కి ఒకే వరుస ఎందుకు ఉండాలి, తేదీని తేదీలాగే ఎందుకు కొట్టాలి అనేది రావాలి. ఇప్పుడు ఏఐకి మామూలు మాటల్లో చెబితే యాప్ డ్రాఫ్ట్ అదే తయారు చేసిస్తోంది. కానీ ఇచ్చింది తప్పో ఒప్పో పట్టుకోవాలంటే ఈ బేసిక్స్ తెలియాల్సిందే.

మొదలుపెట్టాలంటే?

పది పనులు ఒకేసారి వద్దు. పోయిన మూడు నెలల్లో ఆఫీసుకి ఎక్కువ డబ్బు పోగొట్టిన రిజిస్టర్ ఏదో చూడండి. డిటెన్షన్ చార్జీలా? రానిబాకీలా? ఆ ఒక్కదాన్నే తీసుకోండి. ముందు ఒక షీట్, దానికొక ఫారం, ఒకే ఒక్క అలర్ట్. ఫ్రీ వెర్షన్‌లో చేయండి. నెల రోజులు పాత పుస్తకం కూడా పక్కనే రాస్తూ ఉండండి. నెలాఖరున రెండూ పోల్చి చూసి, తేడా లేదని తేలాకే పుస్తకం మూయండి.

లక్షల లావాదేవీలు, బ్యాంక్ చెల్లింపులు, ప్లాంట్‌లో మెషిన్ల కంట్రోల్ లాంటి వాటి జోలికి మాత్రం ఈ టూల్స్‌తో వెళ్లొద్దు. అక్కడ ఇంజనీర్లే కావాలి.